గువ్వ పేరుతో వచ్చిన గొంతు

నేను సైన్సు టీచర్ని. పిల్లలు నా వెనకాల నన్ను గడియారం మేడమ్ అంటారని నాకు తెలుసు. గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినా గుమ్మం దగ్గరే నిలబెడతాను కాబట్టి ఆ పేరు నాకు తగిందే. కాపీ కొట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇరవై రెండేళ్లుగా ఆ మంటని నిజాయితీ అనుకుంటూ వచ్చాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. జరిగినదానికంతటికీ మూలం అదే.

ఆ ఏడాది ఎనిమిదో తరగతికి స్లైడ్‌షో పాఠాలు మొదలుపెట్టాను. నేనొక బొమ్మ పెడతాను. తుప్పు పట్టిన గొళ్లెమో, మంచు పట్టిన కిటికీ అద్దమో. పిల్లలు ఇంటి దగ్గర ఫోన్‌లో దాన్ని తెరిచి, తమకి తోచింది మాట్లాడి రికార్డు చేస్తారు. మాట్లాడుతూ బొమ్మ మీద వేలితో గీతలు కూడా గీయొచ్చు. ఒక్కొక్కరికీ ఒక గుండ్రటి గుర్తు ఉంటుంది. అది బొమ్మ అంచున వచ్చి చేరుతుంది. దాన్ని నొక్కితే వాళ్ల గొంతు వినిపిస్తుంది, వాళ్లు గీసిన గీతలు మళ్లీ మన కళ్ల ముందు పడతాయి. ఒకరి మాటకి ఇంకొకరు జవాబు చెప్పొచ్చు. వారానికి రెండు మాటలు తప్పనిసరి అని రూలు పెట్టాను. ఒకటి బొమ్మ గురించి, ఒకటి తోటివాళ్లకి జవాబుగా.

మొదటి నెలంతా నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నట్టయింది. ముప్ఫై నలుగురు పిల్లలు, ముప్ఫై నాలుగు సార్లు "చాలా బాగుంది మేడమ్" అన్నారు. కిటికీ చాలా బాగుంది, గొళ్లెం చాలా బాగుంది, తుప్పు ఇంకా బాగుంది. లెక్కల మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో నా భుజం మీదుగా తొంగి చూసి, "పోనీలెండి, ఇంతమంది మెచ్చుకున్న తుప్పు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు" అన్నాడు.

ఆ తర్వాత మరుగుతున్న కెటిల్ బొమ్మ పెట్టాను. ఆ బొమ్మ కింద గువ్వ గుర్తు కనిపించింది.

గువ్వ అంటే మూడో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్ల. ఒళ్లంతా ముడుచుకుని కూర్చుంటుంది కాబట్టి తోటిపిల్లలు ఆ పేరు పెట్టారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. తండ్రికి బస్టాండు వెనక సందులో ఇస్త్రీ షాపు. తల్లి లేదు. ఆ పిల్ల గురించి నాకు తెలిసింది అంతే, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. గుర్తు నొక్కాను.

"అందరూ ఆవిరి తెల్లగా ఉందంటున్నారు. నాకు అలా అనిపించట్లేదు. ఇక్కడ చూడండి." కెటిల్ మూతికీ తెల్లటి పొగకీ మధ్య చిన్న సున్నా పడింది. "ఇక్కడ ఖాళీగా ఉంది. కానీ ఈ ఖాళీలో చెయ్యి పెడితే కాలుతుంది. ఆ తెల్లదాంట్లో పెడితే తడుస్తుందంతే. నేను పెట్టి చూశాను. అంటే అసలు ఆవిరి ఈ కనపడనిదేనా?"

మాట వెనకాల ఇస్త్రీ పెట్టె బల్లకి తగిలిన చప్పుడు, ఆ వెంటనే స్స్ మని తడి ఆరిన చప్పుడు. షాపులో కూర్చుని రికార్డు చేసిందనుకున్నాను. ఆ మాట నాలుగుసార్లు విన్నాను. పుస్తకంలో ఆవిరి కనిపించదని రాసి ఉంటుంది, నేనూ అదే చెప్తాను. దాన్ని చేత్తో తాకి కనిపెట్టిన పిల్ల నా తరగతిలో అంతకుముందు ఒక్కరు కూడా లేరు.

అక్కణ్ణించి తరగతి తీరే మారిపోయింది. ఆ గొంతు బొమ్మ గురించి చెప్పి ఊరుకోలేదు. అందరికీ జవాబు చెప్పింది. ఎప్పుడూ ఆఖరి బెంచీలో కునికే పిల్లాడికి, "నువ్వన్నది సగం కరెక్టు. మిగతా సగం మీ ఇంట్లో తడి తువ్వాలు దగ్గర ఉంది, చూసి చెప్పు" అంది. వాడు నిజంగానే చూసి చెప్పాడు. ఇంకోసారి, "తడి చొక్కా మీద పెట్టె పెడితే స్స్ అంటుంది, పొడి చొక్కా మీద అనదు. ఆ చప్పుడు గుడ్డదా, నీళ్లదా, పెట్టెదా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి పిల్లలు రెండు రోజులు కొట్టుకున్నారు. పదిహేడు జవాబులు వచ్చాయి, ఒక్కదాంట్లో కూడా "చాలా బాగుంది" లేదు.

నేను గాల్లో తేలాను. అబద్ధం ఎందుకు, ఆ ఘనతంతా నాదే అనుకున్నాను. కాకపోతే ఒక్కటే చిక్కు. గువ్వని తరగతిలో లేపి అడిగితే నోరు పెగిలేది కాదు.

"ఫోన్‌లో మాటల మూట, ఇక్కడికొస్తే మూగనోమా?" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. గువ్వ తన చెప్పుల వైపు చూసుకునేది.

"ఆ పిల్లేనా?" అన్నాడు లెక్కల మాస్టారు. "నా క్లాసులో రెండూ రెండూ ఎంతంటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది."

"మీరంటే భయమేమో మాస్టారూ."

"నేనంటే అందరికీ నిద్రండీ, భయం మీ డిపార్టుమెంటు."

ఇంతలో పై అధికారులు బడి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. స్లైడ్‌షో గురించి వాళ్ల ముందు గువ్వే మాట్లాడాలని నేను తీర్మానించేశాను. చెప్పగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "నేను వద్దు మేడమ్, ప్లీజ్ మేడమ్" అని బెంచీ అంచు పట్టుకుంది. బెదురు, నాలుగుసార్లు చెప్పిస్తే పోతుంది అనుకున్నాను.

అధికారులకి ఇవ్వడానికి ఒక పట్టిక కావాల్సి వచ్చింది. ఎవరు ఎప్పుడు ఎంతసేపు మాట్లాడారో ఆ స్లైడ్‌షోయే వరుసగా చూపిస్తుంది. గువ్వ పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. మంగళవారం, పదకొండూ ఇరవై. మంగళవారం ఆ టైముకి నాదే క్లాసు. గువ్వ నా ఎదురుగా మూడో బెంచీలో కూర్చుని ఉంది. నేనే హాజరు వేశాను. కిందికి చూసుకుంటూ పోయాను. మొత్తం నలభై ఒక్క మాటలు. వాటిలో ఇరవై ఆరు బడి నడిచే గంటల్లో వచ్చినవే.

అప్పుడు నాకు ఎలా ఉందో దాచకుండా చెప్తాను. బాధ కలగలేదు. మోసపోయానన్న ఉక్రోషం కలిగింది. దాని వెనకాలే, పట్టుకున్నానన్న సంతోషం కూడా.

మర్నాడు క్లాసులో తెర మీద కెటిల్ బొమ్మ పెట్టి, ఆ గొంతు వినిపించాను.

"గువ్వా, లే. ఈ గొంతు ఎవరిది?"

లేచింది. 

"మంగళవారం పదకొండూ ఇరవైకి నువ్వు ఇక్కడ ఉన్నావా, ఇంట్లో ఉన్నావా? ఒకేసారి రెండు చోట్ల ఉండడం నీకెలా వచ్చిందో మాకూ నేర్పు."

ఎవరో కిసుక్కుమన్నారు. గువ్వ రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది.

"అక్కది మేడమ్" అంది. "నేను చెప్పమనలేదు. ఒక్కసారి మాట్లాడి చూస్తానంది. తర్వాత... అందరూ జవాబులు చెప్తుంటే దానికి బాగుండేది. నాన్న గుడ్డలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు మాట్లాడేది. రాత్రి నాకు అంతా మళ్లీ చెప్పేది మేడమ్. నాకు వచ్చు మేడమ్, నిజంగా. నోటితో చెప్పడమే రాదు."

ఆ ఆఖరి రెండు మాటలు ఇవాళ నాకు ఎంత స్పష్టంగా వినిపిస్తున్నాయో. ఆ రోజు నాకు వినిపించింది ఒక్కటే, తప్పు ఒప్పుకుంది అని. సున్నా మార్కులు వేశాను. అందరి ముందూ ఆ పిల్ల గుర్తు మీద నొక్కి, తొలగించమన్నాను. "ఈ సభ్యురాలి మాటలన్నీ శాశ్వతంగా పోతాయి. ఖాయమేనా?" అని తెర అడిగింది. నాకు ఖాయమే. నొక్కాను. తండ్రి ఫోన్‌కి ఒక మెసేజ్ కూడా పెట్టాను.

ఆయన మర్నాడు పొద్దున్నే వచ్చాడు. సన్నటి మనిషి. చొక్కా మడతలు కత్తిలా ఉన్నాయి, చేతుల మీద పాత కాలిన మచ్చలు. స్టాఫ్‌రూమ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"పెద్దది ఇట్లా చేస్తోందని నాకు తెలీదు మేడమ్. ఏడో క్లాసు అయ్యాక వాళ్లమ్మ పోయింది. బల్ల దగ్గర నా రెండు చేతులూ చాలక మాన్పించాను. ఫోన్ పట్టుకుంటే ఆటలాడుకుంటోంది అనుకున్నాను."

"ఆటలాడుకున్నా బాగుండేదండీ."

"ఒకటి అడగనా మేడమ్? అది చెప్పినదాంట్లో ఏమైనా తప్పుందా?"

"చెప్పింది తప్పు కాదండీ. చెప్పడమే తప్పు" అన్నాను.

అంత చక్కటి వాక్యం అప్పటికప్పుడు నోటికొచ్చినందుకు నాకు లోపల ముచ్చటేసింది కూడా. "అలాగే మేడమ్. ఇంక ఫోన్ జోలికి రానివ్వను" అని వెళ్లిపోయాడు. లెక్కల మాస్టారు పేపరు దించి, "ఆ పెద్దపిల్లకి వయసెంతండీ?" అన్నాడు. అడగలేదన్నాను. ఆయన మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

వారం తిరక్కుండా స్లైడ్‌షోలో ఏం జరిగిందో బయటపడింది. ఆ పిల్ల మాటలు పోయాయి. వాటికి మిగతావాళ్లు చెప్పిన జవాబులు మాత్రం అలాగే ఉన్నాయి. కెటిల్ బొమ్మ తెరిస్తే ఒక పిల్లాడు, "అవును, నేనూ పెట్టి చూశాను, నువ్వు చెప్పినట్టే కాలింది" అంటాడు. ఎవరు చెప్పారో లేదు. ఒక పిల్ల, "అది కాదు, చప్పుడు నీళ్లదే, నా మాట విను" అని బతిమాలుతుంది. ఎవర్నో తెలీదు. బొమ్మ తర్వాత బొమ్మ, ముప్ఫైమంది పిల్లలు లేని మనిషితో మాట్లాడుతున్నారు. ఖాళీ గదిలో కూర్చుని అవన్నీ విన్నాను. ఇన్నాళ్లూ ఆ తరగతిని నడిపింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. నేను కాదు.

అధికారులు వచ్చారు, తెర వైపు ఒక నిమిషం చూశారు, టీ తాగారు, వెళ్లారు. పిల్లలు మళ్లీ వారానికి రెండు మాటల లెక్కకి వచ్చేశారు. ఒకరోజు ఆ ఆఖరి బెంచీ పిల్లాడు లేచి, "ఆ అక్క ఇంక రాదా మేడమ్?" అని అడిగాడు.

"ఆ అక్క మన క్లాసు కాదురా."

"మరి ఏ క్లాసు మేడమ్?"

కూర్చోమన్నాను. గువ్వ తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి నేను ఆ పిల్లని ప్రశ్నలు అడగడం మానేశాను. దయ కాదు అది, సిగ్గు.

సిగ్గు కాళ్లదాకా రావడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ షాపుకి వెళ్లాను. బడికి రాకుండా పరీక్ష రాసే దరఖాస్తు ఒకటి సంచీలో పెట్టుకున్నాను. ఆ పిల్లకి సొంతపేరుతో ఒక గుర్తు పెట్టి మళ్లీ తరగతిలో కలుపుకోవాలన్నది నా పథకం. దారిపొడుగునా ఏం మాట్లాడాలో వల్లించుకున్నాను. ఆ పిల్ల ముఖం ఎలా వెలుగుతుందో కూడా ముందే ఊహించేసుకున్నాను.

షాపులో రెండు బల్లలున్నాయి. ఒక దాని దగ్గర ఆయన పని చేస్తున్నాడు. రెండో బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద బోర్లించిన ఇస్త్రీ పెట్టె. వెనక గదిలో గువ్వ చొక్కాలకి బొత్తాలు పెడుతోంది.

"పెద్దది లేదు మేడమ్" అన్నాడాయన పెట్టె పక్కన పెట్టి. "పంపించేశాను."

"ఎక్కడికి?"

"పక్క ఊళ్లో పెద్దాసుపత్రి లాండ్రీకి. మా చెల్లెలు అక్కడే పని చేస్తుంది. ఉండడం కూడా అక్కడే." తుడుచుకోనక్కర్లేని చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నేను కోప్పడలేదు మేడమ్. చెయ్యెత్తలేదు. ఫోన్ తీసుకుని, మేడమ్ ఇలా అన్నారమ్మా అని మీ మాట చెప్పాను. తలూపింది. అంతే, ఆ తర్వాత నోరు తెరవలేదు. పెట్టె గుడ్డ మీద ఉంచేసి ఎటో చూస్తుండేది. రెండు చొక్కాలు కాల్చేసింది. మూడోసారి తన చెయ్యే కాల్చుకుంది. నాకు భయమేసింది. నలుగురి మధ్యన ఉంటే తేరుకుంటుందని మా చెల్లెలు అంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. దరఖాస్తు సంచీలోంచి బయటికి తియ్యలేదు. వెళ్తుంటే గువ్వ వెనకాలే సందు చివరిదాకా వచ్చింది. నాతో తనంతట తాను మాట్లాడడం అదే మొదటిసారి.

"మీరు వెళ్తే మాట్లాడుతుందేమో మేడమ్" అంది.

తర్వాతి శనివారం సెలవు పెట్టి వెళ్లాను. ఆసుపత్రి వెనక, చెత్త బండ్లు ఆగేచోట, రేకుల షెడ్డు. ఇనప ఊచల గేటు. లోపల బట్టలుతికే మనిషెత్తు డ్రమ్ములు తిరుగుతున్నాయి. ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా దుప్పట్లు చాచి, దగ్గరికి నడిచి, మడిచి, మళ్లీ దూరంగా నడుస్తున్నారు. ఆ హోరులో ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే అరవాలి. ఎవరూ అరవడంలేదు. కాపలా మనిషికి సంగతి చెప్తే, విరామం పది నిమిషాలే, గేటు మాత్రం తియ్యనన్నాడు. మేనత్త వెళ్లి పిలుచుకొచ్చింది.

ఆ పిల్లని నేను చూడడం అదే మొదటిసారి. నేను సున్నా వేసి, తీసేసి, శిక్షించిన మనిషి ముఖం అప్పటిదాకా చూడనే లేదు. గువ్వ ముఖమే, కాస్త పొడుగు. పదహారేళ్లుంటాయి. చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి, ఎడమ మణికట్టు మీద గుడ్డ కట్టు.

"మేడమ్, చెల్లి బాగా చదువుతోందా?" అంది.

అదే గొంతు. బాగానే చదువుతోందన్నాను. వల్లించుకొచ్చిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. నీ పేరుతోనే తరగతిలో చేరుస్తాను, పరీక్ష రాయిస్తాను అన్నాను. ఆ పిల్ల ఇబ్బందిగా నేల వైపు చూసింది, తనవల్ల పెద్దవాళ్లెవరో అవస్థ పడుతున్నట్టు.

"ఇక్కడ ఫోన్లు లోపలికి రానివ్వరు మేడమ్. నాన్న ఏడాదికి సంతకం పెట్టారు, మధ్యలో మానితే అత్త పని కూడా పోతుంది. పొద్దున ఐదింటికి డ్యూటీ ఎక్కితే దిగేసరికి చీకటి పడుతుంది. చెల్లిని ఏమీ అనకండి మేడమ్, చాలు."

"ఏమీ అనను."

"మీరంత దూరం నుంచి ఎందుకొచ్చారు మేడమ్."

వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు. ఊచ మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు క్లాసు ఎక్కడిదాకా వచ్చింది మేడమ్?"

"శబ్దం" అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. తరగతిలో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదేమో. గాజు కూజా లోపల ఒక గంట వేలాడదీసి మోగిస్తూ, కూజాలోంచి గాలంతా లాగేస్తే, గంట ఊగుతూనే ఉంటుందమ్మా, కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, కానీ చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఇంక వినపడదు, అన్నాను. ఆ పిల్ల రెండు చేతులతో ఊచలు పట్టుకుని ముందుకి వంగింది. కళ్లు నా ముఖం మీద లేవు, ఆ కూజా లోపల ఉన్నాయి. కనుబొమలు ముడిపడ్డాయి. పెదాలు విడ్డాయి. ఏదో అడగబోతోంది. ఆ క్షణంలో నాకు నా జన్మంతటికీ సరిపోయేంత సంతోషం కలిగింది.

పెదాలు మూసుకున్నాయి. ఊచలు వదిలేసి వెనక్కి జరిగింది.

"చాలు మేడమ్. ఇంక చెప్పకండి."

"ఏం తల్లీ? అడుగు. అడగవూ?"

"వింటే అడగాలనిపిస్తుంది మేడమ్." వెనక్కి తిరిగి డ్రమ్ముల వైపు ఒకసారి చూసింది. "అడగాలనిపించాక పని చెయ్యడం కష్టంగా ఉంటుంది."

విరామం అయిపోయిందని సైరన్ కూసింది. మేనత్త చెయ్యూపింది. ఆ పిల్ల లోపలికి వెళ్లి, ఒక దుప్పటి రెండు కొసలు అందుకుని, ఎదురుగా ఉన్నామె వైపు నడిచింది.

నేను బస్టాండుకి వచ్చి కూర్చున్నాను. ఆ గంట గురించి, ఆ గాలి గురించి ఆ పిల్ల ఏం అడగబోయిందో ఊహించాలని చూశాను. బస్సు వచ్చేదాకా చూశాను, బస్సులోనూ చూశాను. ఇరవై రెండేళ్లు ఆ పాఠం చెప్పినదాన్ని. నాకు ఒక్క ప్రశ్న కూడా తట్టలేదు.